ఫస్టియర్ ఫొటోల్లో మన వెనకాల ఏముంది? నిజామాబాద్, బోధన్ చుట్టూ నా మొదటి కాలేజీ ఏడాది

ఇయ్యాల్టి ఎపిసోడ్ ముఖ్యంగా ఇప్పుడే కాలేజీలో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. బీటెక్ కావచ్చు, డిగ్రీ కావచ్చు, పాలిటెక్నిక్ కావచ్చు. ఫస్టియర్ ఎప్పుడో అయిపోయినవాళ్లు కూడా ఉండండి, ఎందుకంటే మీ పాత ఫోన్లో ఆ ఏడాది ఫొటోలు ఇంకా ఉండే ఉంటయి. వాటితో చెయ్యాల్సిన పని ఒకటుంది, అది చివర్ల చెప్తా. వీడియోలో చూపించిన ఫొటోలు ఇక్కడ కనిపించవు కాబట్టి, చదివేవాళ్ల కోసం ఒక్కో ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పుకుంటూ పోతా.

నేను 2015 ఆగస్టులో నిజామాబాద్‌లో బీటెక్ చేరిన. 2016 ఎండాకాలానికి ఫస్టియర్ అయిపోయింది. ఆ తర్వాత డిగ్రీ పట్టా, హైదరాబాద్‌లో నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఇట్ల కెమెరా ముందు కూర్చుని మీతో ముచ్చట. ఈ మధ్య పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫస్టియర్ ఫోల్డర్ ఓపెన్ చేసి, ఒక ఆదివారం మొత్తం కూర్చుని లెక్కపెట్టిన. 1,940 ఫొటోలు. అందులో ముప్పావు వంతు మా ముఖాలే. బైక్ మీద మేము, గుట్ట మీద మేము, మిర్చి బజ్జీ తింటూ మేము.

అయితే ఇన్నేళ్ల తర్వాత చూస్తుంటే నా వేళ్లు జూమ్ చేస్తున్నది మా ముఖాల మీద కాదు. ముఖాల వెనకాల ఉన్నదాని మీద. ఎందుకట్ల జరుగుతోంది, దాన్ని బట్టి ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్న మీరు ఫోన్‌తో ఏం చేస్తే బాగుంటది, ఇదే ఇయ్యాల్టి సబ్జెక్ట్.

ఆ ఒక్క ఏడాదిలో మా చుట్టూ ఏం జరిగింది

ముందు టైమ్‌లైన్ చెప్తా. 2015 జులై 14 నుంచి 25 దాకా గోదావరి పుష్కరాలు. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది మా దగ్గరే, రెంజల్ మండలం కందకుర్తిలో. అక్కడ గోదావరి, మంజీరా, హరిద్ర కలుస్తయి. కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న రోజులు కాబట్టి ఖాళీగా ఉన్నం, పోయినం.

ఆ ఏడాది వానలు లేవు. చెరువుల్లో నీళ్లు లేవు. 2015 డిసెంబర్ 23న బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీకి లాకౌట్ ప్రకటించారు. అంటే మా ఫస్టియర్ సరిగ్గా సగంలో ఉన్నప్పుడు. తర్వాత 2016 సెప్టెంబర్‌లో మేము సెకండియర్‌కు రాగానే, నెల మొదట్లో 5వ తారీఖున జియో వచ్చింది, నెలాఖర్ల వాన కుమ్మరించింది, ఎండిపోయిన నిజాంసాగర్ నిండింది. అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయి. నిజాంసాగర్ కామారెడ్డి జిల్లాలోకి పోయింది. మేము "మన జిల్లా డ్యాం" అని ఫొటో దిగిన జాగ, ఏడాది తిరిగేలోపు పక్క జిల్లా అయింది.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు మేము పట్టించుకున్నది ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు, ఎం-1 పాస్ అవుతమా లేదా అని. పద్దెనిమిదేళ్లకు అట్లనే ఉంటది. కానీ ఫోన్ మాత్రం వెనకాల ఉన్నవన్నీ తీసిపెట్టింది.

నీళ్లు, చెరుకు, చిమ్నీ

నిజామాబాద్ బయటివాళ్లకు ఒక లింకు అర్థం కావాలి, లేకపోతే ఈ ఫొటోలు అర్థం కావు. మంజీరా నది మీద నిజాంసాగర్ డ్యాంను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. దాని వెనకున్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11న తెలంగాణలో ఇంజనీర్స్ డే జరుపుతారు. బీటెక్ చేసినోళ్లకు కూడా చాలామందికి ఈ సంగతి తెల్వదు.

డ్యాం వచ్చింది, కాలువలు వచ్చినయి. కాలువ నీళ్లు బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా నిజామాబాద్ పక్కనున్న అలీసాగర్ దాకా వస్తయి. చెరుకు దాదాపు ఏడాదిపాటు చేన్లో ఉండే పంట. వాన ఒక్కదాని మీద ఆధారపడితే కుదరదు, నమ్మకంగా కాలువ నీళ్లుండాలి. నీళ్లున్నయి కాబట్టి చెరుకు పెట్టారు, చెరుకు ఉంది కాబట్టి 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. కోసిన చెరుకును ఎక్కువ రోజులు ఉంచలేం, ఉంచితే దాంట్ల చక్కెర తగ్గిపోతది. అందుకే ఫ్యాక్టరీ ఎప్పుడూ చేన్ల మధ్యనే ఉంటది. చుట్టూ క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, బజారు, అన్నీ ఆ చిమ్నీ కిందనే పెరిగినయి. శక్కర్ అంటే చక్కెర, ఊరి పేరే శక్కర్‌నగర్.

2002లో ఫ్యాక్టరీ జాయింట్ వెంచర్‌గా మారి, 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015లో తలుపులు పడ్డయి. డ్యాంలో నీళ్లు లేక చేన్లు ఎండుతున్న ఏడాదే ఫ్యాక్టరీ కూడా ఆగింది. మా ఫస్టియర్ ఫొటోల వెనకాల ఉన్న కథ మొత్తం ఇదే.

ఒక సైకిల్ ఉన్న ఫొటో

మా గ్యాంగ్‌లో ఒకడిది శక్కర్‌నగర్. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పని. వాడు రోజూ బోధన్ నుంచి బస్సులో కాలేజీకి వచ్చేవాడు, సుమారు 25 కిలోమీటర్లు. ఆదివారాలు మేమే వాడి దగ్గరికి పోయేవాళ్లం. చెరుకు చేన్ల మధ్య రోడ్లు, బెల్లం వండే బట్టీల దగ్గర వేడి వేడి పాకం, ఊరవతల చెట్ల కింద క్రికెట్. వాళ్ల అమ్మ వండిన పప్పుచారు, జొన్నరొట్టె.

2021లో వాడి నాన్న చనిపోయిండు. కొన్ని వారాల తర్వాత వాడు ఫోన్ చేసి, "అరేయ్, నాన్న ఫ్యాక్టరీ దగ్గర ఉన్న ఫొటో నీ దగ్గర ఏదన్నా ఉందా?" అన్నడు. ఇంట్లో నాన్న ఫొటోలు ఉన్నయి. పెళ్లి ఫొటో, ఆధార్ ఫొటో, ఏదో ఫంక్షన్‌లో కొత్త షర్ట్ వేసుకున్న ఫొటో. కానీ ఆయన ముప్పై ఏళ్లు రోజూ పోయి వచ్చిన జాగలో ఆయన ఉన్న ఫొటో ఒక్కటి కూడా లేదు. రోజూ చూసేదాన్ని ఎవరు ఫొటో తీస్తరు?

నేను వెతికిన. మా నలుగురం రోడ్డు మీద నిలబడి దిగిన సెల్ఫీ ఒకటి దొరికింది. ముందు మా నాలుగు ముఖాలు, ఎండకు కళ్లు చికిలించుకుని. వెనకాల కుడివైపు చిమ్నీ. దాని కింద, కొంచెం మసకగా, సైకిల్ తొక్కుకుంటూ డ్యూటీ నుంచి వస్తున్న ఒక మనిషి. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా కట్టి ఉంది. క్రషింగ్ లేకపోయినా డ్యూటీలు నడిచేవి అప్పటికి. మావాడు చూడగానే గుర్తుపట్టిండు, ఆ డబ్బాను బట్టి.

ఫైల్ వివరాలు చూస్తే 2015 నవంబర్ 15, సాయంత్రం 4 గంటల 52 నిమిషాలు. లాకౌట్‌కు 38 రోజుల ముందు. ఆ సైకిల్ ఉన్న ముక్కను కత్తిరించి, పెద్దగా ప్రింట్ తీయించి వాళ్లింట్లో గోడకు పెట్టుకున్నరు. ముఖం సరిగ్గా కనపడదు. అయినా వాళ్ల అమ్మకు అదే కావాలి, పెళ్లి ఫొటో కన్నా ఎక్కువ.

నలుగురు పోరగాళ్లు తమను తాము తీసుకున్న ఫొటో అది. అందులో ఒక కుటుంబానికి పనికొచ్చింది వెనకాల ఉన్న చిన్న మూల.

మెమొరీ గురించి సైన్స్ ఏం చెప్తుంది

"అన్నా, ఫొటోలు తీయడం మానేసి మూమెంట్ ఎంజాయ్ చెయ్యాలి" అని మీలో కొందరు అంటరు. ఇందులో కొంత నిజం ఉంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఒక మ్యూజియంలో ప్రయోగం చేశారు, 2014లో పేపర్ వచ్చింది. కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నయి. కెమెరా గుర్తుపెట్టుకుంటది కదా అని మెదడు ఆ పని వదిలేస్తది.

కానీ అదే పేపర్‌లో రెండో సంగతి ఉంది, దాన్ని ఎవరూ షేర్ చెయ్యరు. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు జ్ఞాపకం తగ్గలేదు. ఏ భాగం తియ్యాలి అని ఆగి ఆలోచించినప్పుడు మనసు కూడా అక్కడే ఉంటది. అంటే ఫొటో తీయడం తప్పేం కాదు, చూడకుండా తీయడమే సమస్య.

ఇంకో మాట. పెద్దవాళ్లను మీ జీవితంలో బాగా గుర్తున్న సంగతులు చెప్పండి అంటే, టీనేజ్ నుంచి ఇరవైల దాకా జరిగినవే ఎక్కువ చెప్తరు. సైకాలజీలో దీనికి రెమినిసెన్స్ బంప్ అని పేరు. మొదటిసారి ఇల్లు వదలడం, మొదటి స్నేహాలు, మొదటి ఫెయిల్, అన్నీ ఆ వయసులోనే పడతయి. ఫస్టియర్ సరిగ్గా దాని మధ్యలో ఉంది. అరవై ఏళ్లకు మీరు చెప్పబోయే కథలకు ముడిసరుకు ఇప్పుడే తయారవుతోంది.

ఇంజనీరు ఫొటోగ్రాఫర్ అయితే

బీటెక్ చేసి కెమెరా పట్టుకున్నవేంది అని నన్ను చుట్టాలు అడుగుతుంటరు. వాళ్లకు నేను రాజా దీన్‌దయాళ్ పేరు చెప్తా. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిండు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిండు. ఇండోర్‌లో పీడబ్ల్యూడీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. అక్కడ ఉన్నప్పుడే కెమెరా నేర్చుకున్నడు. తర్వాత హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిండు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిండు.

ఆయన తీసిన కోటలు, మహళ్లు, వేట శిబిరాలు, పరేడ్‌ల ఫొటోలు ఇప్పుడు చరిత్రకారులకు ఆధారాలు. రాజులు తమ దర్జా కోసం తీయించుకున్నరు. మనం చూస్తున్నది వాళ్ల వెనకాల ఉన్న గోడలు, పక్కన నిలబడ్డ నౌకర్ల బట్టలు, అప్పటి వీధులు. మా సెల్ఫీ కథే, కాకపోతే గాజు పలకల మీద.

ఫోన్ కెమెరాతో మేము నేర్చుకున్నవి

నా దగ్గర అప్పుడు ఉన్నది మోటో జీ సెకండ్ జనరేషన్. 8 మెగాపిక్సెల్ కెమెరా. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ఫోన్లు దానికన్నా చాలా మెరుగు. అయినా కొన్ని సూత్రాలు మారలేదు.

మొదటిది, వెలుతురు. నవంబర్, డిసెంబర్‌లో బోధన్ వైపు పోతే చెరుకుకు పూత వస్తది, తెల్లగా కుచ్చుల్లాగా. మిట్ట మధ్యాహ్నం తీస్తే ఏదో గడ్డి లాగ ఉంటది. సాయంత్రం ఐదింటికి సూర్యుడు పూత వెనకాల ఉండేట్టు నిలబడి తీస్తే, ఒక్కో కుచ్చు చుట్టూ వెండి అంచు వస్తది. ఫోన్ ఫ్రేమ్ మొత్తం సగటు వెలుతురు చూసి ఎంత కాంతి తీసుకోవాలో లెక్క వేస్తది. మీరు స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకితే ఆకాశం బాగొస్తది, ముందున్నది నల్లగా అవుతది. మనిషి ముఖాన్ని తాకితే ముఖం బాగొస్తది, ఆకాశం తెల్లగా పోతది. ఇప్పటి ఫోన్లు వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతయి కాబట్టి ఈ తేడా కొంత తగ్గింది. అయినా ఎక్కడ తాకాలో నిర్ణయించాల్సింది మీరే.

రెండోది, రెండడుగులు వెనక్కి. సెల్ఫీలో ముఖాలు ముప్పావు ఫ్రేమ్ ఆక్రమిస్తయి. ఎవరినన్నా బతిమాలి ఫోన్ ఇచ్చి, లేదా టైమర్ పెట్టి, ఇంకొంచెం దూరం నుంచి తీయండి. 2016 ఫిబ్రవరిలో నిజాంసాగర్‌లో మేము నెర్రెలు బారిన బురద మీద నిలబడి దిగిన ఫొటో ఒకటుంది. ఫోన్‌ను రాయి మీద పెట్టి టైమర్‌తో తీసినం. మేము చిన్నగా ఉన్నం. వెనకాల రాతి కట్టడం మొత్తం పడింది, దాని మీద ఒకప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో చెప్పే మరకలు వరసలు వరసలుగా. ఇప్పుడు ఆ డ్యాం సామర్థ్యం 17.8 టీఎంసీలు. ఆ అంకె చదివితే ఏం అర్థం కాదు, ఆ మరకల కింద మేము చీమల్లా నిలబడి ఉంటే అర్థమవుతది.

మూడోది, జూమ్. పోచంపాడు, అదే శ్రీరాంసాగర్, దాని బ్యాక్‌వాటర్ అంచున నందిపేట వైపు గడ్డి మైదానాల్లో కృష్ణజింకలు కనిపిస్తయి. చాలా ఫోన్లలో రెండు, మూడింతలు దాటిన తర్వాత జూమ్ అంటే ఉన్న ఫొటోను కత్తిరించి పెద్దగా చూపించడమే. దాని కోసం జింకల వెంట పడొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి గట్టి రక్షణ ఉంది. పైగా దూరం నుంచి తీసిన ఫొటోలోనే ఆ మైదానం ఎంత పెద్దదో తెలుస్తది. నా దగ్గరున్న దాంట్ల జింకలు మూడు చుక్కలు, మిగతాదంతా గడ్డి, మంచు. నాకు మస్తు ఇష్టమైన ఫొటో అది.

నాలుగోది, అడగడం. చెరుకు కోతకు కుటుంబాలతో వచ్చి చేన్ల పక్కన గుడిసెలు వేసుకునే వాళ్లు ఉంటరు. ఫోన్ ఎత్తే ముందు పలకరించాలి. ఒకసారి ఒక పెద్దమ్మను "అమ్మా, ఒక ఫొటో తియ్యమంటవా?" అని అడిగితే, "తియ్యి బిడ్డా, గని నాకొకటి ఇయ్యాలె" అన్నది. మర్నాటి ఆదివారం ప్రింట్ తీసుకుపోయి ఇచ్చినం. పది రూపాయల ప్రింట్. ఆ తర్వాత మేము ఎప్పుడు పోయినా చెరుకు గడ తినకుండా పంపలేదు.

సాహసం గురించి సూటిగా

డిచ్‌పల్లి రామాలయం మెట్లు, ఆర్మూర్ నవనాథ సిద్ధులగుట్ట రాళ్లు, అలీసాగర్ పక్క గుట్టలు, అన్నీ ఎక్కినం. ఎక్కండి మీరు కూడా. అయితే ఒక లెక్క వినండి. 2016లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఢిల్లీ ఐఐఐటీ వాళ్లు కలిసి చేసిన అధ్యయనంలో, 2014 మార్చి నుంచి 2016 సెప్టెంబర్ దాకా ప్రపంచంలో సెల్ఫీ తీసుకుంటూ చనిపోయినవాళ్లు 127 మంది అని లెక్క తేలింది. అందులో 76 మంది మన దేశంలోనే. ఎత్తు నుంచి పడటం, నీళ్లు, రైళ్లు, ఇవీ కారణాలు. సరిగ్గా మేము ఫస్టియర్‌లో ఉన్న కాలం అది.

కాబట్టి మా గ్యాంగ్ రూల్స్ మూడు ఉండేవి. కాలువలో దిగేది లేదు, ఎందుకంటే కాలువ గోడలు వాలుగా, నాచు పట్టి ఉంటయి, ఈత వచ్చినోడు కూడా పట్టుకుని పైకి రాలేడు. గేట్లు ఎత్తిన డ్యాం కింద నిలబడేది లేదు. కందకుర్తిలో నది మధ్య పాత రాతి శివాలయం ఉంది, వరద వస్తే మునుగుతది. 2016 మార్చిలో ఇసుకలో నడుచుకుంటూ దాకా పోయినం. వానాకాలంలో మాత్రం ఒడ్డు మీద నుంచే ఫొటో. నడవేటప్పుడు ఫోన్ జేబులో, నిలబడ్డాకే చేతిలో.

తీసిన ఫొటో మిగలాలంటే

ఇది నా పాత ఉద్యోగం సబ్జెక్ట్ కాబట్టి జాగ్రత్తగా వినండి. మీరు ఫొటో తీసినప్పుడు ఫోన్ ఆ ఫైల్‌లోనే ఒక చీటీ రాసి పెడుతుంది. దాని పేరు ఎగ్జిఫ్. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్స్ సంస్థల సంఘం తెచ్చిన ప్రమాణం. తేదీ, టైమ్, ఫోన్ మోడల్, కెమెరా సెట్టింగులు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ జాగలో తీశారో కూడా అందులో ఉంటాయి. ఆ సైకిల్ ఫొటో 4:52కు తీసినదని నాకు తెలిసింది దీంతోనే.

వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగానే పంపితే సైజు తగ్గుతుంది, ఈ చీటీ పోతుంది. మావాడి ఫోన్లో ఉన్న అదే ఫొటో కాపీలో తీసిన టైమ్ లేదు. ఫైల్ పేరులో 20151116 అని మాత్రం ఉంది, అంటే మర్నాడు వాడికి అందిన తేదీ. జూమ్ చేస్తే సైకిల్ ఒక మరక. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఉన్నదున్నట్టు పోతుంది. ముఖ్యమైనవి అట్లనే పంపుకోండి. కానీ తెలియనివాళ్లకు ఒరిజినల్ పంపేముందు, మీ ఇంటి లొకేషన్ కూడా అందులో ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, యాప్‌ల మీద భరోసా పెట్టుకోవద్దు. మేము అప్పుడు డేటా ఖరీదు కాబట్టి ఫొటోలన్నీ షేర్‌ఇట్‌లో పంచుకునేవాళ్లం. 2020 జూన్ 29న దేశంలో నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. గూగుల్ ఫొటోస్ మేము కాలేజీలో చేరిన 2015లోనే మొదలైంది, అన్‌లిమిటెడ్ ఫ్రీ అన్నారు. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫొటోలన్నీ 15 జీబీ లెక్కలోకే వస్తున్నయి. ఎవరి తప్పూ లేదు, కంపెనీల పద్ధతులు మారుతయి. మీ కాపీ మీ దగ్గర ఉండాలి. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో. ఏడాదికి ఓ ఇరవై ఫొటోలు కాగితం మీద.

ఇప్పుడు మీ పని

ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు నాలుగు పనులు చెయ్యండి. ఒకటి, మీ ఊర్లో లేదా కాలేజీ దగ్గర ఒక జాగ ఎంచుకుని, మూడు నెలలకోసారి అదే చోట నిలబడి, అదే కోణంలో ఫొటో తీయండి. చెరువు కావచ్చు, బస్టాండ్ కావచ్చు, పసుపు సీజన్‌లో నిజామాబాద్ మార్కెట్ యార్డు కావచ్చు. రెండు, మీ అమ్మానాన్నలను వాళ్లు పని చేసే చోట ఫొటో తీయండి. చేను, కొట్టు, కుట్టు మిషన్, ఆటో, ఆఫీసు కుర్చీ, ఏదైనా సరే. వాళ్లు "ఈ బట్టల మీద వద్దురా" అంటరు. ఆ బట్టల మీదనే తీయండి. మూడు, నెలకోసారి మంచివి పది ఏరి, ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది అని ఒక్కో లైన్ రాయండి. నాలుగు, రెండు కాపీలు.

ఫస్టియర్ అయిపోయినవాళ్లు ఈ ఆదివారం పాత ఫోల్డర్ తెరవండి. మీ ముఖం పక్కన పెట్టి, నాలుగు మూలలు జూమ్ చేయండి. అందులో ఎవరిదన్నా నాన్న, ఎవరిదన్నా కొట్టు, ఇప్పుడు లేని చెట్టు కనపడితే, వాళ్లకు పంపండి. డాక్యుమెంట్‌గా.

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తయి, మళ్లీ 2027లో. నేను కందకుర్తికి పోయి 2015లో నిలబడ్డ మెట్టు మీదనే నిలబడి మళ్లీ ఫొటో తీస్త. మీరు అప్పటికి ఏ ఇయర్‌లో ఉంటరో లెక్కేసుకోండి, రండి. ఈసారి మా ఫొటో తీసిపెట్టడానికి ఎవరో ఒకరు కావాలె కదా, కొంచెం దూరం నుంచి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.